చేపల మార్కెట్లో చేతులెత్తిన రోజు

బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని దేశమంతా ఓటు వేసిన ఏడాది నాకు పద్దెనిమిది నిండలేదు. పుట్టినరోజు ఇంకో నెలలో ఉంది. ఆ ఒక్క నెల తేడాతో నా ఓటు పోయింది.

ఫలితం తెలిసిన పొద్దున మా వంటింట్లో జరిగింది నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. మా నాన్న హెడ్లీ పీతల పడవ నడుపుతాడు. ఆ వేళ రేవు నుంచి నేరుగా ఇంటికొచ్చి, చంకలో ఉన్న సైడర్ అనే ఆపిల్ సారా సీసా తీసి బల్ల మీద పెట్టాడు. మొహం వెలిగిపోతోంది. రాత్రంతా ఏడ్చి కళ్ళు ఉబ్బిన మా అమ్మ థర్జా మేడ మీది నుంచి దిగివచ్చి, ఆ సీసా మూత తీసి, మొత్తం సింకులో ఒంపేసి, ఖాళీ సీసా ఆయన చేతికిచ్చి మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో ఉప్పు అందుకోవాలన్నా నా ద్వారానే అడిగించుకున్నారు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. బ్రెగ్జిట్ అన్న మాట ఈ గడప లోపల ఎవరూ ఎత్తకూడదు. టీవీలో ఆ వార్త వస్తే రిమోట్ ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళు ఛానెల్ మార్చేయాలి. తొమ్మిదేళ్ళపాటు ఆ ఒప్పందం చెక్కుచెదరలేదు.

మొగుడితో రాజీ పడింది గానీ, అమ్మ తన తమ్ముడితో పడలేకపోయింది. పెరన్ మామయ్య మా వీధి చివరే ఉంటాడు. నాన్నకంటే పెద్ద గొంతుతో బయటికి రావాలని ఊరంతా తిరిగి చెప్పాడు, గెలిచాక అమ్మ గుమ్మం ముందు నిలబడి పాట కూడా పాడాడు. ఆరేళ్ళు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అమ్మమ్మ పోయినప్పుడు శవపేటిక ముందు ఒకరు, వెనక ఒకరు నడిచారు. మామయ్యకు మనవరాలు పుట్టాకే, ఆ పాపను చూడకుండా ఉండలేక, అమ్మ మళ్ళీ ఆ గడప తొక్కింది.

ఇదంతా కార్న్‌వాల్ తీరంలో మా పోర్త్‌వెలిన్‌లో. కొండ మీంచి రేవులోకి జారినట్టుండే చిన్న ఊరు. నేను ఇక్కడి బళ్ళోనే పాఠాలు చెబుతాను, రేవు పండగ కమిటీలో కూడా ఉన్నాను. పోయినేడాది నుంచి పబ్బులో, మాంసం కూరిన పాస్టీ రొట్టెల కొట్టు దగ్గర క్యూలో ఒకటే మాట వినపడుతోంది: మళ్ళీ వెళ్ళి కలిస్తే ఎలా ఉంటుంది? నా వయసు వాళ్ళందరికీ ఒకే మంట. అప్పుడు మమ్మల్నెవరూ అడగలేదు, ఇప్పుడైనా అడగండి అని. అందుకే కమిటీలో లేచి, ఈసారి పండగలో దీని మీద చర్చ పెడదాం, చివర్లో చేతులెత్తించి ఊరు ఏమంటోందో చూద్దాం అన్నాను. అధ్యక్షుడు బెదిరిపోయాడు. అద్దాలు పగిలితే ఎవరు బాధ్యులన్నాడు. కమిటీలో అందరికంటే పెద్దది, తొంభైకి చేరువైన బొలీథో ముసలమ్మ చేతికర్ర నేలకు తాటించి, పోయిన పండగలో పాస్టీలో వేయకూడని క్యారెట్ వేశారని ఇంతకంటే పెద్ద గొడవే అయిందనీ, అప్పుడు పగలని అద్దాలు ఇప్పుడూ పగలవనీ తేల్చేసింది.

ఎవరు మాట్లాడాలి అన్నది అడగాల్సిన పనే లేకపోయింది. గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపే చూశారు. కలవాలనే పక్షాన అమ్మ, వద్దనే పక్షాన నాన్న.

నాన్న గట్టు మీద కూర్చుని పీతల బుట్టలకు తాడు అల్లుతుంటే వెళ్ళి అడిగాను. ఇలా చర్చ ఒకటి, నువ్వు మాట్లాడాలి అనేలోపే సరే అనేశాడు. చేతిలో అల్లిక ఆగలేదు.

"మీ అమ్మ ఒప్పుకుందా?"

"ఇంకా అడగలేదు."

"అడుగు. నేనేం మాట్లాడతానో మాత్రం నన్నడగొద్దు."

అమ్మ మా ఇంటి పైభాగాన్ని అతిథులకు అద్దెకిస్తుంది. ఆమె పక్క దుప్పట్లు మారుస్తుంటే వెళ్ళాను. ఆమెదీ అదే జవాబు. మాట్లాడతాను, కానీ ముందు చెప్పను, మీ నాన్నకు అసలే చెప్పకు. తొమ్మిదేళ్ళుగా కూడబెట్టిన బాణాలన్నీ ఒకేసారి బయటికి తీస్తారనుకున్నాను. ఊరంతా పోస్టర్లు అంటించాం. ఎడమవైపు అమ్మ బొమ్మ, కింద 'కలవాలి'. కుడివైపు నాన్న బొమ్మ, కింద 'వద్దు'. నాన్న దాని ముందు కాసేపు నిలబడి గడ్డం గోక్కుని, అక్షరాలు బాగా పెద్దగా వేశారన్నాడు. అమ్మ సంచీతో అటుగా వెళుతూ, ఈ ఫోటో పాతది, ఇంకోటి దొరకలేదా అంది.

ఆ వారమంతా ఇంట్లో నాకు నవ్వాగేది కాదు. నాన్న బాత్రూములో నీళ్ళు వదిలి లోపల ఉపన్యాసం చెప్పుకునేవాడు. అమ్మ ఇస్త్రీ చేస్తూ దిండు గలీబుతో వాదిస్తుండేది. నేను తలుపు తోస్తే చాలు, వెంటనే దగ్గు.

పండగ శనివారం వాన. చర్చ మధ్యాహ్నం అనుకున్నాం. భోజనాలు కాకముందే ఊరి హాలు నిండిపోయింది, కిటికీ గట్లెక్కి కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇంకా కొండ మీది నుంచి జనం దిగుతూనే ఉన్నారు. ఇక లాభం లేదు, చేపల మార్కెట్ షెడ్డుకు మారుద్దామన్నారు ఎవరో. అంతే, ఎవరి కుర్చీ వాళ్ళు నెత్తిన పెట్టుకుని, వానలో, నవ్వుకుంటూ, అరుచుకుంటూ వీధంతా దిగారు. బొలీథో ముసలమ్మను ఆమె కుర్చీతో సహా ఇద్దరు పడవవాళ్ళు మోసుకొచ్చారు. రాణీగారి సవారీలా ఆమె దారి పొడుగునా చెయ్యి ఊపింది. కుర్చీలు చాలనివాళ్ళు చేపల పెట్టెలు బోర్లించుకుని కూర్చున్నారు. తడి కోట్ల వాసన, చేపల వాసన, నాలుగువైపులా కేకలు. వేలంపాట గంట నా చేతికిచ్చారు. దాన్ని రెండుసార్లు మోగించాక గానీ కేకలు తగ్గలేదు.

ముందు వరసలో యాన్ కూర్చున్నాడు. సముద్రానికి అవతల, యూరోపియన్ యూనియన్ వైపున్న బ్రిటనీ తీరంలో ఉంటాడు, ఇరవై ఏళ్ళకు పైగా నాన్న దగ్గర పీతలు కొంటున్నాడు. ప్రతి పండగకూ వచ్చి మా ఇంట్లోనే దిగుతాడు. అతని పక్కన పెరన్ మామయ్య, నాన్న కోసం ఈల వేయడానికి వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని.

నాణెం ఎగరేస్తే నాన్న వంతు ముందొచ్చింది. పెళ్ళిళ్ళకు తప్ప కట్టని టై కట్టుకున్నాడు. ఆయన లేవగానే మామయ్య ఈల షెడ్డు రేకులు అదిరేలా మోగింది. నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"ఈల దాచుకో పెరన్. తర్వాత నన్ను తిట్టుకుంటావ్," అన్నాడు. "నేను అప్పుడు బయటికి రమ్మని ఓటేశాను. అందరికీ తెలుసు. మనందరం తిరిగి వెళ్ళి కలవాలని చెప్పడానికి ఇవాళ నిలబడ్డాను."

పెరన్ మామయ్య నోటి దగ్గరి వేళ్ళు కిందికి దించేశాడు. నాన్న మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. సముద్రం మనదవుతుంది, పరాయి పడవలు పోతాయి అంటే నమ్మాననీ, పడవలు పెద్దగా పోలేదనీ, మన పీతలకు దారి మాత్రం మూసుకుపోయిందనీ అన్నాడు. మన వలలో పడే సాలీడు పీతల్ని మన దేశంలో ఎవరూ ముట్టరు, తినేది అవతలివాళ్ళే. బయటికి వచ్చిన మొదటి చలికాలంలో ఒక లారీడు పీతలు అవతలి రేవులో ఆగిపోయాయి. కాగితం మీద ముద్ర ఉండాల్సిన రంగులో లేదట. కాగితం సరిచేసుకొచ్చేసరికి పీతలన్నీ చచ్చాయి.

"వాటిని నేనే వెనక్కి తెచ్చుకుని సముద్రంలో పారబోశాను. లారీలో చల్లదనం మిషను పాడైందని ఇంట్లో చెప్పాను." నాన్న అమ్మ వైపు చూడకుండానే అన్నాడు. "నిజం చెబితే థర్జా ఒక్క మాటంటుందని భయం. నేను ముందే చెప్పానుగా అంటుందని. ఆ మాట పడటంకంటే పీతలు పారబోయడమే తేలికనిపించింది."

జనం నవ్వారు, కానీ ఎగతాళి లేదు. పెద్దవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అలాంటి మిషన్లు పాడై ఉంటాయి. నేను మాత్రం అమ్మనే చూస్తున్నాను. ఆమె మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. నాన్న కూర్చున్నాడు. ఇక అమ్మ లేచి, చూశారా అని ఊరంతా వినేలా దులిపేస్తుందని అనుకున్నాం. నాన్న చూపు నేలకు మేకు కొట్టినట్టు కదల్లేదు.

అమ్మ లేచి నిలబడింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక బల్ల పట్టుకుని ఒంగిపోయి మరీ నవ్వింది. ఎందుకో తెలియకుండానే ముందు వరసలూ నవ్వేశాయి.

"మీకు చెప్పడం ఎలాగో తెలీట్లేదు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నేను వద్దని చెప్పడానికి వచ్చాను."

అప్పుడు లేచిన హోరు నేను జన్మలో మర్చిపోను. జనం పెట్టెల మీదికెక్కి నిలబడ్డారు. పోస్టరు అచ్చువేసిన కుర్రాడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను గంట మోగిస్తూనే ఉన్నాను, వినేవాడు లేడు. నాన్న లేచి, కమిటీని, జనాన్ని, నన్ను, అందర్నీ మర్చిపోయి, వంటింట్లో అడిగినట్టే అడిగాడు.

"వద్దా? నువ్వా? నా సైడర్ సింకులో పోసిన దానివి నువ్వే కదా?"

"పోశాను. అప్పుడు ఉండాలన్నాను, ఇప్పుడు వెళ్ళొద్దంటున్నాను. రెండూ ఒకటి కాదు హెడ్లీ."

"ఎలా కాదో చెప్పు మరి."

చెప్పింది. ఆ రోజున తాను పోగొట్టుకుంది పక్క దేశాలవాళ్ళను కాదు, పక్కింటివాళ్ళను అంది. తమ్ముడితో ఆరేళ్ళు మాటల్లేవు, తల్లిని సాగనంపేటప్పుడు కూడా లేవు. ఆ గాయం ఇప్పుడిప్పుడే మానుతోంది. మళ్ళీ ఇదే ప్రశ్న ఎత్తితే మళ్ళీ ప్రతి ఇంట్లో చీలిక, మళ్ళీ ఏళ్ళ తరబడి బేరాలు. పైగా ఇదివరకు మనకిచ్చిన రాయితీలేవీ ఇప్పుడివ్వరు, మన పౌండు నోట్లు వదులుకుని వాళ్ళ డబ్బు వాడమని కూడా అనొచ్చు. వదులుకుని వెళ్ళాక, ఇంకో పదేళ్ళకు ఇంకొకడు వచ్చి బయటికి పదండి అనడని నమ్మకమేంటి?

"నా పక్షం ఓడింది. మింగాను. మింగడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడు కక్కమంటే ఎలా?"

ఈసారి చప్పట్లు రెండు పక్షాల నుంచీ వచ్చాయి. నాన్న మాత్రం వదల్లేదు. నువ్వు మింగావు సరే, మన పిల్ల కూడా మింగాలా, దానికి అప్పుడు ఓటే లేదు అన్నాడు. పని కోసం అవతలికి వెళ్ళాలంటే దానికి ఎన్ని అడ్డంకులో నీకు తెలీదా అన్నాడు. అమ్మ అంతే వేగంగా తిప్పికొట్టింది. పిల్లకు మనం ఇవ్వాల్సింది కొట్లాడుకోని ఊరు, ఆ తర్వాత మిగిలినవి అంది. తప్పు చేశామని తెలిశాక దిద్దుకోకపోవడం మొండితనమని నాన్న. దిద్దడం తొందరపడితే ఇంకో తప్పవుతుందని అమ్మ. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. ఇద్దరి కళ్ళల్లో మెరుపు. తొమ్మిదేళ్ళలో వాళ్ళు ఇంతసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. గంట మోగించడం కూడా మర్చిపోయాను.

ఎవరో వెనకనుంచి, అసలు వాళ్ళు మనల్ని రానిస్తారా, యాన్‌ను అడగండి అన్నారు. అందరూ యాన్, యాన్ అని పెట్టెలు చరిచారు. అతను ఇబ్బందిగా లేచాడు.

"నేను పీతలు కొనేవాణ్ణి. రాజ్యాలు నాకు తెలియవు," అన్నాడు. "నన్నడిగితే రండి అంటాను. కానీ చెప్పులు విప్పి, కోటు విప్పి, కూర్చునేలా రండి. ఇదివరకు మీరు ఉన్నన్నాళ్ళూ గుమ్మంలోనే నిలబడి చలిగాలి లోపలికి వదిలారు."

షెడ్డు పగలబడి నవ్వింది. అన్నింటికంటే ఎక్కువగా నవ్వింది పెరన్ మామయ్య. నవ్వు ఆగాక అతను లేచాడు. నేను గంట మీద చెయ్యి వేసి పెట్టుకున్నాను, అతని గొంతు నాకు తెలుసు గనక. కానీ మామయ్య నెమ్మదిగా మాట్లాడాడు. తాను అప్పుడన్న మాట మీదే ఉన్నాననీ, కలవొద్దనే చెయ్యెత్తుతాననీ చెప్పాడు. మన నిర్ణయాలు మనమే తీసుకోవాలి, అవి తప్పయినా సరే అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"నీ గుమ్మంలో పాట పాడాను చూడక్కా, అది మాత్రం తప్పే. ఆ పాటకు ఓటుతో పనిలేదు."

అమ్మ అతని వైపు చూసి, నీ గొంతు అప్పుడూ బాగోలేదు అంది. అంతే. వాళ్ళిద్దరి మధ్యా ఆ విషయం అక్కడికి తీరిపోయింది.

చేతులెత్తమన్నాను. కలవాలనేవాళ్ళు ముందు. పెట్టెల మీద నుంచి, కుర్చీల మీద నుంచి, షెడ్డు తలుపు బయట వానలో నిలబడ్డవాళ్ళ నుంచి చేతులు లేచాయి. అప్పుడు బయటికి రావాలన్న పడవవాళ్ళ చేతులు కూడా, భుజం దాకా సగం లేచి, చుట్టూ చూసి, పూర్తిగా లేచాయి. బొలీథో ముసలమ్మా ఎత్తింది. వద్దనేవాళ్ళని అడిగితే ఆమె మళ్ళీ ఎత్తింది. ఇదేంటమ్మమ్మా, ఒక్కసారే ఎత్తాలి అన్నాను. పందొమ్మిది వందల డెబ్బై అయిదులో ఇదే ప్రశ్నకు ఓటేశాను, రెండువేల పదహారులోనూ వేశాను, పాత కస్టమర్‌ను, నాకొకటి ఎక్కువ రావాలి అంది. లెక్క పెట్టే పని లేకుండానే తెలిసిపోయింది, కలవాలన్న పక్షమే గెలిచింది. వద్దన్న చేతులు మాత్రం మేమనుకున్నదానికంటే చాలా ఎక్కువ. వాటిలో అప్పుడు అమ్మతోపాటు ఏడ్చినవాళ్ళ చేతులు కొన్ని ఉన్నాయి.

ఫలితం చెప్పడానికి గంట ఎత్తుతుంటే పెరన్ మామయ్య ఆపాడు.

"ఆగమ్మా కెరెన్సా. ఈ పిల్లకి అప్పుడూ ఓటు లేదు, ఇప్పుడూ లేదా? ఏం కమిటీ ఇది?"

అధ్యక్షత వహించేవాళ్ళు ఓటు వేయకూడదన్నది నేను పెట్టిన నిబంధనే. జనం ఒప్పుకోలేదు. వెయ్యి, వెయ్యి అని నాలుగువైపులా అరిచారు. అమ్మా నాన్నా ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఈ షెడ్డులోకి వచ్చేటప్పుడు నాకు అనుమానం అన్నదే లేదు. అమ్మ మాట్లాడాక వచ్చింది, అది ఇంకా పోలేదు. అయినా గంట కింద పెట్టి, కలవాలి అని చెయ్యెత్తాను. అమ్మకు కోపమొస్తుందనుకున్నాను. ఆమె మాత్రం మా నాన్న వీపు మీద ఒక్కటి చరిచి, నీ పోలికే అంది.

లండన్‌లో ఎవరికీ మా చేతుల గురించి పట్టలేదు. కానీ పక్క రేవుల్లో పట్టింది. మాట తిరగేసిన మొగుడూ పెళ్ళాలు అని తీరమంతా పేరు మోగిపోయి, మా ఊరికీ రండి అని కబుర్లు వచ్చాయి. నాన్న పాత వ్యానులో ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. దారి పొడుగునా వాదించుకుని, అక్కడ దిగి జనం ముందు వాదించి, తిరిగొస్తూ నువ్వు ఆ మాట అలా అనకుండా ఉండాల్సిందని ఒకరికొకరు పాఠం చెప్పుకునేవారు. రెండో ఊళ్ళో అమ్మ గెలిచింది. నాన్న ఆ వేళ భోజనం మానేస్తాడేమోనని భయపడ్డాను. పళ్ళెం నిండా వడ్డించుకుని, మీ అమ్మ ఇవాళ అదరగొట్టిందే అన్నాడు.

చలికాలం మొదలయ్యాక యాన్ ఫోన్ చేశాడు. తమ ఊళ్ళోనూ ఒక చర్చ పెట్టారట. బ్రిటన్ వాళ్ళను మళ్ళీ లోపలికి రానివ్వాలా వద్దా అని. వచ్చి మాట్లాడతారా అన్నాడు. నాన్న నన్ను గాల్లోకి ఎత్తినంత పని చేశాడు. మా బళ్ళో యాన్ వాళ్ళ భాష నేర్పేది నేనే గనక, అనువాదానికి నన్నూ తీసుకుని ముగ్గురం ఓడెక్కాం. అవతల దిగాక పాస్‌పోర్టు ముద్రల కోసం పొడవాటి వరసలో నిలబడ్డాం. ఈ వరస చూడు అని నాన్న మొదలెట్టాడు. వరస త్వరగానే కదులుతోందిగా అని అమ్మ. వెనకనున్న లారీ డ్రైవర్లు కూడా అందులోకి దిగారు.

యాన్ వాళ్ళ హాలు కిక్కిరిసి ఉంది. నాన్న మాట్లాడాడు, నేను వాళ్ళ భాషలో చెప్పాను. మంచి చప్పట్లు పడ్డాయి. అమ్మ మాట్లాడింది. ఆ తర్వాత ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి, అమ్మగారూ, మీకు రావడం ఇష్టం లేనప్పుడు సముద్రం దాటి ఇంత దూరం ఎందుకొచ్చారు అని అడిగింది. నేను అమ్మకు చెప్పాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఈయనొక్కడే వస్తే మీరు ఈయన మాట నమ్మేస్తారని."

నేను ఆ మాట వాళ్ళ భాషలోకి మార్చి చెప్పేలోపే, నాన్న మొహం చూసి హాలంతా నవ్వేసింది. యాన్ లేచి, ఇక చేతులెత్తండి అన్నాడు.